లెక్క కట్టకుండానే "రాదు" అంటే ఎలా?

ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో లెక్కలకు కొదవుండదు. మా గోదావరిఖనిలో అయితే మరీను. కాలేజీ గడప తొక్కని తల్లులు కూడా ఎంసెట్ మాట ఎత్తితే చాలు, పోయినేడు ఫలానా కాలేజీలో కంప్యూటర్ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో వేళ్ళమీద చెప్పేస్తారు. పరీక్ష పేరు మారి ఎప్‌సెట్ అయినా వాళ్ళ లెక్క మాత్రం తప్పదు. మెడిసిన్ సంగతీ అంతే. కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, లోకల్, నాన్‌లోకల్... అన్నీ కంఠతా వచ్చు.

అదే ఇంట్లో ఆడపిల్ల "నేను లా చదువుతా" అందనుకోండి. లెక్కలన్నీ ఆగిపోతాయి. "మనకేడ వస్తది బిడ్డా! అవి పెద్దోళ్ళ పిల్లల చదువులు" అనే మాట వినిపిస్తుంది. లేదంటే, ఎక్కడో ఒకచోట, "గంత ఫీజు కట్టి కోచింగుల చేర్పించినం, ఎందుకు రాదు?" అనే మాట. మొదటిది భయం, రెండోది భ్రమ. రెండింటిలోనూ లేనిది లెక్కే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సీటు రాదన్నా, వస్తుందన్నా ఆ మాట కాగితం మీద వేసిన లెక్కలోంచి రావాలి. ఆ లెక్క వేయాల్సింది పక్కింటివాళ్ళు కాదు, కోచింగ్ సెంటర్ కరపత్రం కాదు. చదవబోయే అమ్మాయి వేయాలి. తల్లి పక్కన కూచోవాలి.

చట్టం తగలని ఇల్లుందా?

"లా మనకెందుకమ్మా?" అనేవాళ్ళు ఒక్కసారి మన చుట్టూ చూడాలి. బొగ్గుబాయి ఉన్న ఊళ్ళో చట్టంతో పనిపడని ఇల్లేది? బాయిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం. జబ్బు చేస్తే మెడికల్ బోర్డు. మనిషి పోతే కారుణ్య నియామకం. రిటైరైతే బొగ్గుగని ప్రావిడెంట్ ఫండు, పింఛను. సర్వీసు కాగితాల్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఏళ్ళ తరబడి తిరుగుడు. కాంట్రాక్టు కార్మికులకు కూలి రేట్ల తగాదా, ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినవాళ్ళకు భూమి తగాదా. గోదావరిఖనిలో పారిశ్రామిక ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఊరికే పెట్టలేదు కదా!

ఆ కాగితాలు చాలామట్టుకు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేది ఎవరు? ఎక్కువమంది ఆడవాళ్ళే. భర్త పోయిన భార్య, కొడుకు పోయిన తల్లి. ఆ కాగితం చదివి, "అమ్మా, ఇందులో ఇలా రాశారు, గడువు ఫలానా తేదీతో అయిపోతుంది" అని చెప్పే ఆడపిల్ల మన వీధిలోనే ఉంటే ఎంత తేడా వస్తుందో మీరే ఊహించండి.

ఇంకో సంగతి కూడా ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపులకు దిగింది. నాయిన ఉద్యోగం కొడుక్కి, లేకపోతే అల్లుడికి అనుకునే కాలం కాదిది. పిల్లలకు కొత్త దారులు కావాలి. దారి ఉందో లేదో చూడకుండానే వెనక్కి తిప్పేస్తే ఎలా?

ముందు తేదీ చూడండి

హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998లో వచ్చింది. బెంగుళూరులోని నేషనల్ లా స్కూల్ అంతకు పదేళ్ళ ముందే మొదలైంది. విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య పేరిట ఉన్నది 2008లో పెట్టారు. ఒకప్పుడు ఇలాంటివాటిలో దేనికి దానికి వేరే పరీక్ష ఉండేది. 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి క్లాట్ అనే ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాయి. ఇప్పుడు ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు దీని మీదే సీట్లిస్తున్నాయి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఒక్కటి ఐలెట్ అని వేరే పరీక్ష పెడుతుంది.

ఇక్కడే మన పిల్లలు మొదటి దెబ్బ తింటున్నారు. 2022 చివరి నుంచి క్లాట్ డిసెంబరులో జరుగుతోంది. అంటే అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఉండగానే. దరఖాస్తు గడువు అంతకు ముందే అయిపోతుంది. "ముందు ఇంటర్ కానీయ్, ఫలితాలొచ్చినంక చూద్దాం" అని మనం అంటుంటాం. ఫలితాలొచ్చేసరికి పరీక్ష అయిపోయి నాలుగైదు నెలలు దాటిపోయి ఉంటుంది. ఆ ఏడాదికి ఆ పిల్ల అవకాశం సున్నా. తెలివి లేక కాదు, తేదీ తెలియక! కాబట్టి ఈ మాట ఇంట్లో నడవాల్సింది ఇంటర్ మొదటి సంవత్సరంలోనే.

లెక్క ఎలా కట్టాలి?

ఇరవై మందికి ఒక సీటట అని చెప్పి భయపెట్టేవాళ్ళుంటారు. నిజమే, ఈ మధ్య డిగ్రీ స్థాయి క్లాట్‌కు అరవై, డెబ్బై వేల దరఖాస్తులు వస్తుంటే ఉన్న సీట్లు మూడు, నాలుగు వేల మధ్య. కానీ ఇది లాటరీ టికెట్ కాదు, అందరి అవకాశం ఒకటే కావడానికి. మీ అమ్మాయి అవకాశం మీ అమ్మాయి మార్కుల్లోంచి తేలాలి.

పరీక్షలో 120 ప్రశ్నలు, రెండు గంటల సమయం. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, చట్టపరమైన తర్కం, మామూలు తర్కం, కొద్దిగా లెక్కలు. అన్నీ పేరాలు చదివి జవాబు రాసేవే. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. పాత పేపర్లు, నమూనా పేపర్లు పరీక్ష పెట్టే కన్సార్షియం వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఆదివారం పూట గడియారం ఎదురుగా పెట్టుకుని, తలుపు మూసుకుని, సరిగ్గా రెండు గంటలు రాయించండి. అలా ఐదు పేపర్లు రాశాక మార్కులు వరుసగా వేయండి.

ఉదాహరణకు 52, 61, 58, 70, 57 వచ్చాయనుకుందాం. మనవాళ్ళు 70ని పట్టుకుని ఊరంతా చెబుతారు. అమ్మాయి దిగులుగా ఉన్న రోజున 52ని తలుచుకుని ఏడుస్తుంది. రెండూ తప్పే. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడుమ ఉన్నదాన్ని చూడండి. ఇక్కడ 58. ప్రస్తుతానికి అమ్మాయి స్థాయి అదీ. ఏ ఏడాది పేపరు రాస్తే ఆ ఏడాది మార్కులూ ర్యాంకులతోనే పోల్చాలి. ఎందుకంటే పేపరు తేలికైన ఏడు అదే మార్కుకు ర్యాంకు ఎంతో కిందికి పోతుంది.

గుడ్డిగా గుర్తులు పెట్టడం గురించీ ఒక మాట. నాలుగు జవాబుల్లో ఏదో తెలియక పదహారు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున నాలుగు ఒప్పవుతాయి, పన్నెండు తప్పవుతాయి. వచ్చేది నాలుగు, పోయేది మూడు, మిగిలేది ఒక్క మార్కు. దానికోసం అంత తంటాలు అక్కర్లేదు. అదే నాలుగింటిలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మాత్రం ధైర్యంగా పెట్టొచ్చు. ఇది కోచింగ్ సెంటర్ రహస్యమేమీ కాదు, బజారు లెక్కే.

ర్యాంకు ఒక్కటే కాదు

నల్సార్‌లో జనరల్ సీట్లు దేశం మొత్తం మీద మొదటి రెండు వందల ర్యాంకుల లోపే అయిపోతుంటాయి. ఈ ఒక్క ముక్క విని చాలామంది పుస్తకం మూసేస్తారు. కానీ అక్కడే తెలంగాణ స్థానికులకు వేరే సీట్లున్నాయి. ఎస్సీ, ఎస్టీ కేటగిరీల్లో చివరి ర్యాంకు వేలల్లోకి పోతుంది. నల్సార్‌తో సహా చాలాచోట్ల అమ్మాయిలకు 30 శాతం సమాంతర రిజర్వేషను ఉంది. బీసీల విషయంలో ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో పద్ధతి. కాబట్టి దేనికది విడిగా చూడాలి. విశాఖ కూడా మన తెలుగువాళ్ళదే కదా అనుకుంటాం గానీ, అక్కడి స్థానిక సీట్లు ఆంధ్రప్రదేశ్ వాళ్ళకి. మన పిల్లలు వేరే రాష్ట్రంవాళ్ళ లెక్కలోనే పోటీ పడాలి.

ప్రతి విడత కౌన్సెలింగ్‌లో ఏ ర్యాంకుకు ఏ సీటిచ్చారో జాబితాలు వస్తాయి. మూడేళ్ళవి తీసి, మన కేటగిరీలో మొదటి విడతలో ఎక్కడ ఆగింది, చివరి విడతలో ఎక్కడ ఆగింది రాసుకోండి. రెండింటికీ మధ్య తేడా ఉంటుంది. ఆ తేడాలో సీటు దొరికే పిల్లలుంటారు, మొదటి జాబితా చూసి ఆశ వదులుకునే పిల్లలూ ఉంటారు. కులం, స్థానికత, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీయించి పెట్టుకోండి. తహసీల్దారు ఆఫీసులో పని ఆలస్యమై చేతికొచ్చిన సీటు జారిపోతే ఆ బాధ ఎవరు తీరుస్తారు?

ఇంగ్లీషు అనే గోడ

ఇప్పుడు అసలు గుండెలో ముల్లు దగ్గరికి వస్తాను. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. మాతృభాషల్లో కూడా పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ పడింది. పరీక్ష మాత్రం ఇంకా మారలేదు. ఇది అన్యాయమేనని నేనంటాను. తెలుగులో వాదం విని, తెలుగులో సాక్ష్యం చెప్పే జనం ఉన్న కోర్టుల్లో పనిచేయబోయే పిల్లను ఇంగ్లీషు వేగంతో మాత్రమే కొలవడం ఏం న్యాయం?

అయినా అన్యాయం తీరేదాకా అమ్మాయి వయసు ఆగదు కదా. చేంతాడు చాలదని బావి పూడ్చుకుంటామా? "మా పిల్లకు ఇంగ్లీషు రాదు" అని తీర్పు చెప్పే బదులు కొలిచి చూడండి. నాలుగు వందల యాభై మాటల ఇంగ్లీషు పేరా చదివి, అర్థం చేసుకుని చెప్పడానికి ఇవాళ ఎన్ని నిమిషాలు పట్టింది? రోజూ ఒక ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చదివించాక, నాలుగు నెలలకు ఎన్ని నిమిషాలు పడుతోంది? తొమ్మిది నిమిషాలు ఐదైతే ఆ అమ్మాయి అవకాశం మారినట్టే. అవకాశం శిలాశాసనం కాదు. అందుకే ఈ లెక్క ఒక్కసారి కట్టి అటక మీద పడేసేది కాదు. మూడు నెలలకోసారి మళ్ళీ కట్టాలి.

డబ్బు సంగతి దాచొద్దు. నల్సార్ లాంటి చోట ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. ఐదేళ్ళ చదువు. దరఖాస్తుకే వేలల్లో ఫీజు, కౌన్సెలింగ్‌కు మళ్ళీ వేలు. దసరా ముందు వచ్చే లాభాల వాటా మొత్తం తీసుకెళ్ళి కోచింగ్‌కు పోసే ముందు, సీటొచ్చాక కట్టాల్సిన ఫీజు ఎక్కణ్ణించి తెస్తామో రాసుకోండి. బ్యాంకు అప్పు, స్కాలర్‌షిప్, విశ్వవిద్యాలయం ఇచ్చే సాయం, అన్నీ ముందే కనుక్కోండి. పేద పిల్లలను ఇలాంటి పరీక్షలకు తయారుచేయడానికి షమ్నాద్ బషీర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2010లో ఐడియా అనే సంస్థను మొదలుపెట్టారు. ఆయన 2019లో పోయారు గానీ ఆ దారి ఉంది. అడిగితే పోయేదేముంది?

ఒక్క తలుపు మూసుకుంటే...

మన రాష్ట్రపు లాసెట్‌ను చిన్నచూపు చూడకండి. అందులోనూ 120 ప్రశ్నలే, గంటన్నర సమయం. తెలుగులో రాయొచ్చు. తప్పుకు కోత లేదు. 35 శాతం వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి కూడా లేదు. అర్హత వచ్చినంత మాత్రాన మంచి కాలేజీలో సీటొచ్చినట్టు కాదు, అది గుర్తుంచుకోవాలి. ఉస్మానియాలోనో, కాకతీయలోనో సీటు కావాలంటే ర్యాంకు మంచిదే రావాలి. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సు. ఎక్కడ చదివినా న్యాయవాదిగా నిలబడాలంటే అందరూ రాయాల్సింది అదే ఆలిండియా బార్ పరీక్ష. కోర్టులో జడ్జిగారి ముందు నిలబడ్డాక ఎక్కడ చదివావని చూడరు, ఫైలు చదివావా అని చూస్తారు. అన్నట్టు, లాసెట్‌కు వయసు అడ్డు లేదు. డిగ్రీ చేసి ఇంట్లో ఉన్న తల్లులూ, ఈ మాట మీక్కూడా!

అయితే "లాసెట్ ఉంది కదా" అని క్లాట్ రాయకుండా ఆపడం కూడా సరికాదు. కష్టమైనది ఒకటి, అందేది ఒకటి, ఖాయమైనది ఒకటి... మూడూ రాయనివ్వండి.

అవకాశాన్ని కోసేది ఎవరు?

ఇంతవరకూ చెప్పినవి ఎలాగో నేర్చుకోవచ్చు. చివరిది మాత్రం మనం ఒప్పుకోవడానికి కష్టపడే మాట.

అమ్మాయి ఇరవై పైచిలుకు విశ్వవిద్యాలయాలున్న పరీక్ష రాస్తుంది. ఫలితం వచ్చాక ఇంట్లో మీటింగు. "జోధ్‌పూరా? ఎందుకమ్మా అంత దూరం! పాట్నానా? అస్సలొద్దు. హైదరాబాదైతే సరే, లేకపోతే ఇక్కడే డిగ్రీ చేసుకో." అంటే ఆ పిల్లకు నిజంగా ఉన్నది ఇరవై తలుపులు కాదు, ఒక్కటే. మూడు వేల ర్యాంకుతో కూడా ఎక్కడో ఒకచోట సీటు దొరికే అమ్మాయి, మన ఇంటి షరతు వల్ల మొదటి కొన్ని వందల్లో ర్యాంకు తెచ్చుకోవాల్సి వస్తోంది. ఇంత పెద్ద కోత ఏ నెగెటివ్ మార్కింగ్‌లోనూ లేదు!

అదే కొడుకు విషయంలో చూడండి. "ఇరవై మందిలో ఒకడికట. పోనీ, రాసి చూడనీయ్. ఎంత దూరమైనా పోతడు, మగపిల్లగాడు" అంటాం. కూతురికొచ్చేసరికి అదే అంకె "రాదులే" అవుతుంది. అంకె ఒకటే, తీర్పులు రెండు. 1916లో రెజీనా గుహ అనే ఆమె వకీలుగా పేరు నమోదు చేయమని అడిగితే కలకత్తా హైకోర్టు ఆడవాళ్ళకు కుదరదు పొమ్మంది. ఆడవాళ్ళూ వకీళ్ళు కావచ్చని చెప్పడానికి 1923లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. దాదాపు నూరేళ్ళకు, 2021లో, తెలంగాణ హైకోర్టుకు జస్టిస్ హిమా కోహ్లి తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా వచ్చారు. అప్పట్లో కోర్టు వద్దంది. ఇప్పుడు కోర్టు రమ్మంటుంటే వద్దనేది మనమేనా?

దూరం పంపడానికి భయం ఉండదని నేననను. ఉంటుంది. హాస్టలెలా ఉంటుందో, రైలెలా ఎక్కుతుందో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో... తల్లి కడుపు అది. కానీ ఆ భయం ఫలితాలు వచ్చాక బయటపెట్టడం న్యాయం కాదు. దరఖాస్తు చేసేముందే కూచుని మాట్లాడుకోండి. ఏ ఊళ్ళకు పంపగలం, ఎంత ఖర్చు పెట్టగలం, నచ్చిన చోట రాకపోతే ఇంకో ఏడాది ఆగనిస్తామా, లేదా? ఈ మూడింటికీ జవాబులు రాసి అమ్మాయి చేతికివ్వండి. అప్పుడు తన లెక్క తను సరిగ్గా వేసుకుంటుంది.

అంతా చేశాక, ఈ ఏడాది కష్టమే అని తేలొచ్చు. తేలనివ్వండి. తన చేత్తో లెక్కకట్టి తెలుసుకున్న "రాదు" పిల్లను కుంగదీయదు, ఇంకో దారి చూపిస్తుంది. ప్రయత్నం చేయకముందే ఇంట్లోవాళ్ళు అనేసిన "రాదు" మాత్రం ఆమె నలభయ్యేళ్ళ వయసులో కూడా గుండెలో కలుక్కుమంటూనే ఉంటుంది. అలాంటి తల్లులు మనలో ఎంతమంది లేరు? మన కూతుళ్ళనైనా ఆ వరుసలో నిలబెట్టకుండా ఉందాం. ఏమంటారు?